భామ అలక, మాధవి ఎకసెక్కం

గ్రీకు దేవతల కథల్ని నవ్వులాటగా తిరగచెప్పే పుస్తకాలకి ఇంగ్లీషులో ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. 2017లో స్టీఫెన్ ఫ్రై రాసిన ‘మిథోస్’ అలాంటిదే. మన పురాణాలతో అలాంటి పని చేద్దామంటే చాలు, ఒక అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది. జ్యూస్‌కి ఇవాళ నైవేద్యం పెట్టేవాళ్ళు లేరు కాబట్టి అతనితో ఎంత వేళాకోళమైనా చెల్లుతుందట. కృష్ణుడు ఇంటింటా పూజలందుకునేవాడు కాబట్టి చెల్లదట. సబబుగానే వినిపించే ఈ మాట ఉత్తరాంధ్ర చరిత్ర ముందు నిలవదు. విజయనగరం సీమ నుంచి శ్రీకాకుళం దాకా ఆడుతూ వచ్చిన తూర్పు భాగవతం అనే వీధి ఆటలో భక్తీ పరిహాసమూ ఒకే పందిరి కింద బతికాయి.

భామాకలాపం ఈ ఆటకి ఆయువుపట్టు. దైవప్రార్థన అయ్యాక, మద్దెల హోరులో భామ వేషం వస్తుంది. సంప్రదాయంగా ఆ వేషం కట్టేది మగవాడే. తన జడ చూసుకుని తానే మురిసిపోయే సత్యభామ, ఎడబాసిన మొగుడు కృష్ణుణ్ణి తీసుకురమ్మని చెలికత్తె మాధవిని బతిమాలుకుంటుంది. కానీ భర్త పేరు నోట పలకదు. మాధవి ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, ఆయనెవరో, పేరేమిటో అని ఆరాలు తీస్తుంది. సత్య సిగ్గుపడేకొద్దీ ఎకసెక్కం పెరుగుతుంది. పైగా రాయబారానికి ప్రతిఫలంగా ముక్కెర అడుగుతుంది! ద్వారక పట్టపురాణి ఆ కాసేపూ మన వీధిలో ఇల్లాలే.

రాత్రంతా సాగే ఆటలో జనం కునికిపాట్లు పడకుండా ఈ హాస్యాన్ని అతికించారని కొందరంటారు. కొంత నిజమే. కానీ మాధవిని తీసేస్తే సత్య గర్వం కరిగే దారే ఉండదు, కలాపమే ఉండదు. వీధి జనానికే ఈ చనువు, పండితులకి కాదు అనేవాళ్ళకి ఆదిభట్ల నారాయణదాసు ఉన్నాడు. 1864లో అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకి తొలి అధ్యక్షుడైన మహాపండితుడు. ఆయన కాలికి గజ్జె కట్టి చెప్పిన హరికథ అనే ప్రక్రియలో, పిట్టకథతో నవ్వించి మళ్ళీ అసలు కథలోకి లాక్కురావడం విద్యలో భాగం. అసలు గ్రీకుల సంగతే చూడండి. క్రీ.పూ. 405లో అరిస్టోఫనీస్ ‘కప్పలు’ నాటకంలో డయోనిసస్‌ని సింహచర్మం కప్పుకున్న పిరికివాడిగా చూపించాడు, అదీ ఆ దేవుడి ఉత్సవంలోనే. అప్పటికి ఆయనకి పూజలు జోరుగానే సాగుతున్నాయి.

ఆ చనువే సినిమాలోకీ వచ్చింది. 1957 నాటి ‘మాయాబజార్’ వ్యాసుడి భారతంలో లేని శశిరేఖ పెళ్ళి చుట్టూ అల్లిన కథ. 1977 నాటి ‘యమగోల’ యమలోకంలో సమ్మె పెట్టించింది. ఎవరూ చెంపలు వేసుకోలేదు.

అలాగని మన హాస్యం అందరి మీదా సమానంగా పడిందనలేం. రెండో శతాబ్దపు రచయిత లూషియన్ సంభాషణల్లో, జ్యూస్ ఎత్తుకొచ్చిన కుర్రాడు గానిమీడ్ విషయమై భార్య హేరా అతన్ని నిలదీస్తుంది, అభాసుపాలయ్యేది జ్యూసే. భామాకలాపంలో నవ్వంతా దాదాపు సత్య అలక మీద, ఆమె జడ మీద, ఆమె గర్వం మీద. ఆ అలకకి కారణమైనవాడు ఆట చివర్లో వచ్చి, పెద్దగా మాట పడకుండానే గట్టెక్కుతాడు.