బస్తర్‌లో మలివయసు ఇంటి రుణం: పట్టా ఒకరి దగ్గర, పెన్షన్ మరొకరి దగ్గర

అరవైకి దగ్గరపడిన మనిషి ఇంటి కోసం అప్పు అడిగితే బ్యాంకు ముఖ్యంగా రెండు ప్రశ్నలు వేస్తుంది. నెలనెలా వచ్చేది ఎంత? అప్పు తీరకపోతే అమ్ముకోవడానికి ఏముంది? మొదటిదానికి జవాబు పెన్షన్, రెండోదానికి జవాబు పట్టా. ఈ రెండూ ఒకే చేతిలో ఉన్న కుటుంబాలు బస్తర్‌లో అరుదు. చూడటానికి ఇది బ్యాంకింగ్ విషయమే. కారణాలు మాత్రం చరిత్రలో ఉన్నాయి. మనం సిలబస్‌లో విడివిడిగా చదివే మూడు అంశాలు, అంటే వలస పాలనలో భూసమస్య, షెడ్యూల్డ్ ప్రాంతాల చట్టాలు, సామాజిక భద్రత, ఇక్కడ ఒకచోట కలుస్తాయి.

1. తనఖా మీద అనుమానం ఎప్పుడు మొదలైంది?

బ్రిటిష్ కోర్టులు వచ్చాక అప్పు పత్రానికి బలం పెరిగింది. కోర్టు డిక్రీతో రైతు భూమి షావుకారు చేతికి వెళ్లిపోవడం మొదలైంది. 1875 దక్కన్ అల్లర్లలో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలను తగలబెట్టింది ఇందుకే. ఆ తర్వాత వరుసగా చట్టాలు వచ్చాయి: 1879 దక్కన్ రైతు ఉపశమన చట్టం, 1900 పంజాబ్ భూ అన్యాక్రాంత చట్టం, 1908 ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం. మన వైపు గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు 1917లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ అయితే అది చెల్లదు.

శబరి అవతల ఉన్న బస్తర్ అప్పటికి సంస్థానం. అడవిని రిజర్వు చేయడం, వెట్టి, బయటివారి పెత్తనం మీద 1910లో అక్కడ భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. 1948 జనవరి 1న బస్తర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో విలీనమైంది.

2. 1959: రెండు రాష్ట్రాలు, ఒకే ఆలోచన

1959లో మధ్యప్రదేశ్ భూ రెవెన్యూ కోడ్ వచ్చింది. అందులోని సెక్షన్ 165(6) ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతాల్లో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక అక్కడా అదే కోడ్ కొనసాగింది. అదే 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. దానికి 1970లో చేసిన సవరణే మనం 1/70 అని పిలిచేది. ఈ నిబంధనలో ‘బదిలీ’ నిర్వచనం గమనించండి. అమ్మకం, దానం, కౌలు మాత్రమే కాదు, స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా తనఖా కూడా బదిలీయే. భూమి చేయి జారేది తరచూ అప్పుతోనే మొదలవుతుందని చట్టం రాసినవారికి తెలుసు.

ఆ భయం నిజమేనని మాలిక్ మక్బూజా వ్యవహారం చూపించింది. బస్తర్ గిరిజనుల సొంత పొలాల్లోని టేకు లాంటి విలువైన చెట్లను వ్యాపారులు, కొందరు అధికారుల అండతో, కారుచౌకగా కొట్టుకుపోయారు. 1990లలో ఈ కేసు సుప్రీంకోర్టుకు, సీబీఐ విచారణకు వెళ్లింది.

అలాగని తలుపులు పూర్తిగా మూయలేదు. సహకార సంఘాలు, బ్యాంకుల దగ్గర భూమిని హామీగా పెట్టే వెసులుబాటు రెండు చట్టాల్లోనూ ఉంది. కానీ కొనుగోలుదారులు పరిమితంగా ఉన్న చోట ఆ హామీకి బ్యాంకు ఇచ్చే విలువ తక్కువ. ఇక 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వెళుతుంది గానీ, సెక్షన్ 4(4) ప్రకారం దాన్ని అన్యాక్రాంతం చేయడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. దాని మీద ఇంటి రుణం పుట్టదు.

3. బైలాడీలా: ఆదాయం ఉంది, ఇల్లు లేదు

ఇదే బస్తర్‌లో జీతం, పదవీ విరమణ అనే మాటలు పెద్ద ఎత్తున అడుగుపెట్టింది బైలాడీలా ఇనుప గనులతో. జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేసే ఒప్పందం 1960లో కుదిరింది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. 1968లో ఎన్‌ఎండీసీ 14వ డిపాజిట్‌లో, 1977లో 5వ డిపాజిట్‌లో తవ్వకం మొదలైంది. ఖనిజం విశాఖ రేవుకు దిగింది. అదే దారిలో తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలీ టౌన్‌షిప్‌లకు ఎక్కాయి.

కంపెనీ క్వార్టర్ ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. చుట్టుపక్కల గిరిజనుల పేరున ఉన్న భూమిని గిరిజనేతర ఉద్యోగి కొనలేడు. దాంతో జీవితమంతా పనిచేసిన చోట కాకుండా, సొంత ఊళ్లోనో విశాఖలోనో ఇల్లు చూసుకోవాలి. అది సర్వీసులో ఉండగా జరగకపోతే అప్పు కోసం వెళ్లేది పెన్షన్ కాగితంతోనే.

4. ఆ కాగితం విలువ ఎంత?

గనుల్లో కాంట్రాక్టు కార్మికుల సహా ప్రైవేటు, ప్రభుత్వరంగ కార్మికులకు ఆధారం 1995 నవంబర్ 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం. సూత్రం: పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబర్ నుంచి జీతం పరిమితి 15,000 రూపాయలు, కనీస పెన్షన్ 1,000. పరిమితి మేరకే చందా కట్టిన వ్యక్తికి 35 ఏళ్ల సర్వీసు లెక్కలోకి వచ్చినా నెలకు వచ్చేది 7,500. 1995కు ముందు సర్వీసుకు లెక్క వేరు, వచ్చేది ఇంకా తక్కువ.

ఇందులో సగం వాయిదాకు పోతుందనుకుందాం. 9 శాతం వడ్డీ, 10 ఏళ్ల గడువు అయితే 3,750 రూపాయల వాయిదాకు పుట్టే అప్పు దాదాపు 3 లక్షలు. కనీస పెన్షన్ మీదైతే 40 వేల లోపే. వయసు పెరిగేకొద్దీ గడువు తగ్గుతుంది, గడువు తగ్గితే అప్పు ఇంకా తగ్గుతుంది.

పెన్షన్‌నే తాకట్టు పెట్టే దారి కూడా లేదు. ప్రభుత్వ పెన్షన్‌ను అప్పులవాళ్లు జప్తు చేయకుండా, ముందుగానే రాయించుకోకుండా 1871 పెన్షన్ల చట్టం అడ్డుకట్ట వేసింది. భవిష్యనిధి చట్టంలోని సెక్షన్ 10 ఉద్దేశం కూడా అలాంటిదే. భూమి విషయంలోలాగే ఇక్కడా రాజ్యం వృద్ధుడిని అప్పులవాడి నుంచి కాపాడింది.

5. రివర్స్ మార్టగేజ్: దారి ఉంది, అందరికీ కాదు

2007–08 బడ్జెట్‌లో రివర్స్ మార్టగేజ్ ప్రతిపాదన వచ్చింది. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాలు ఇచ్చింది. పన్ను వ్యవహారం కోసం 2008లో పథకాన్ని నోటిఫై చేశారు. 60 దాటినవారు తమ ఇంటిని బ్యాంకుకు తనఖా పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. బతికుండగా వాయిదాలు కట్టనక్కర్లేదు. తదనంతరం వారసులు బాకీ తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు, లేదంటే బ్యాంకు అమ్ముకుంటుంది.

షరతు ఒక్కటే పెద్దది. ఇల్లు సొంతంగా సంపాదించినదై ఉండాలి, హక్కు పత్రాలు స్పష్టంగా ఉండాలి. వంశపారంపర్య భూమిలో ఇల్లున్న గోండు రైతుకు, అటవీ పట్టాదారుకు, క్వార్టర్ ఖాళీ చేసిన గని కార్మికుడికి ముగ్గురికీ ఈ పథకం అందదు.

6. విశ్లేషణ, ముగింపు

దీనికి పరిష్కారం భూచట్టాలను సడలించడమేనా? ఆ వాదన ఉంది: అమ్ముకోలేని ఆస్తి వృద్ధాప్యంలో అక్కరకు రాదు. కానీ 1917 నుంచి మాలిక్ మక్బూజా దాకా అనుభవం ఒకటే చెబుతోంది. తనఖా దారి తెరిస్తే ముందుగా లోపలికొచ్చేది బ్యాంకు కాదు, షావుకారు. 2017 డిసెంబర్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గిరిజన భూముల్ని ఒప్పందంపై తాను కొనేందుకు కోడ్‌ను సవరించి, వ్యతిరేకత రావడంతో 2018 జనవరిలో వెనక్కి తీసుకుంది. భూమి కొనేది ప్రభుత్వమే అన్నా అక్కడి ప్రజలు నమ్మలేదు.

కాబట్టి సరిచేయాల్సింది ఆదాయం వైపు. 2016 నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కొండ, క్లిష్ట ప్రాంతాల్లో ఇంటికి 1.30 లక్షలు ఇస్తుంది. అది గ్రాంటు, తనఖా అడగదు. పట్టా తాకట్టుకు పనికిరాని చోట రాజ్యం ఇవ్వగలిగిన సరైన జవాబు ఇలాంటిదే. అయితే ఇందిరాగాంధీ వృద్ధాప్య పెన్షన్‌లో 60–79 ఏళ్లవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. భూమిని అమ్ముకోవద్దని, తాకట్టు పెట్టొద్దని చెప్పే రాజ్యం, ఆ భూమి వృద్ధాప్యంలో ఇవ్వలేకపోయినదాన్ని పెన్షన్‌గా ఇవ్వాలి. రక్షణ చట్టాలకు సామాజిక భద్రత జత కాకపోతే ఆ రక్షణ భారం మోసేది ముసలివాళ్లే.

సాధన ప్రశ్న (250 పదాలు): షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూబదిలీ నిషేధం గిరిజనుల ఆస్తిని కాపాడింది గానీ వారి వృద్ధాప్యానికి భద్రత ఇవ్వలేదు. చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.