సైనిక హెలికాప్టర్ సిబ్బంది మెడనొప్పి

సైనిక హెలికాప్టర్లలో పనిచేసే పైలట్లకు, ఫ్లైట్ ఇంజినీర్లకు, డోర్ గన్నర్లకు మెడనొప్పి వృత్తితో పాటు వచ్చే బాధ. తల మీద మోసే బరువు, గంటల తరబడి వంగి ఉండడం, రోటర్ అదురు దీనికి ముఖ్య కారణాలు. కెనడా సేనలు 1995 నుంచి వాడుతున్న సీహెచ్-146 గ్రిఫన్ సిబ్బంది మీద ఈ విషయమై చాలా పరిశోధన జరిగింది.

మనిషి తల బరువు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. దానికి హెల్మెట్ మరో కిలో పైచిలుకు తోడవుతుంది. రాత్రిపూట హెల్మెట్ ముందు తగిలించే నైట్ విజన్ గాగుల్స్ బరువు అర కిలో చిల్లరే. చిక్కంతా అవి వేలాడే చోటుతోనే. చెయ్యి చాచి చెంబెడు నీళ్లు పట్టుకుంటే ఎలా ఉంటుందో, కళ్ల ముందున్న ఆ అర కిలో మెడకు అలా ఉంటుంది. తల ముందుకు వాలిపోకుండా మెడ వెనక కండరాలు ఎప్పుడూ బిగిసే ఉండాలి. పైగా గాగుల్స్‌లోంచి కనిపించేది సుమారు 40 డిగ్రీల మేరే కాబట్టి పక్కకు చూడాలంటే కళ్లు తిప్పితే చాలదు, తలే తిప్పాలి.

పైలట్ కుడిచేత్తో దిశ మార్చే సైక్లిక్ కర్రను, ఎడమచేత్తో ఎత్తు మార్చే కలెక్టివ్ మీటను పట్టుకుని ముందుకు ఒరిగి కూర్చుంటాడు. ఫ్లైట్ ఇంజినీర్ పాట్లు వేరు. దిగే చోట తోక దేనికైనా తగులుతుందేమో చూడడానికి తలుపులోంచి బయటికి వంగి, అదే బరువుతో తల అటూ ఇటూ తిప్పాలి. సీటు ఎంత మెరుగుపరిచినా అప్పుడు అతనికి ఒరిగేదేమీ లేదు. నాలుగు రెక్కల గ్రిఫన్ రోటర్ నిమిషానికి 324 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు రెక్కకొకటి చొప్పున సెకనుకు దాదాపు 22 సార్లు అదురు పుడుతుంది.

ఈ బాధ తగ్గించడానికి అన్నిటికన్నా చవకైన ఉపాయం ప్రతిభారం. గాగుల్స్ బ్యాటరీ పెట్టెను హెల్మెట్ వెనక అతికిస్తారు, చాలకపోతే అక్కడే మరికొంత బరువు చేరుస్తారు. కెనడా పరిశోధకులు మెడ, భుజాల కండరాల్లో ఆక్సిజన్ వాడకాన్ని పరారుణ కాంతితో కొలిచి, ప్రతిభారంతో శ్రమ తగ్గుతోందని చూపారు. అయితే తగ్గేది ముందుకు లాగే బలం మాత్రమే, మెడ మోసే మొత్తం బరువు పెరుగుతుంది. తల తిప్పాలన్నా, తిప్పి ఆపాలన్నా అదనపు శ్రమే. ప్రమాదంలో ఇంకో ఇబ్బంది ఉంది. గాగుల్స్ బిగింపు 10–15 జీ (భూమ్యాకర్షణకు 10–15 రెట్లు) కుదుపుకు ఊడిపోయేలా చేస్తారు. వెనకనున్న బరువు మాత్రం హెల్మెట్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది.

నాలుగు గొట్టాల గాగుల్స్ చూపును దాదాపు 97 డిగ్రీలకు పెంచి తల తిప్పే పని తగ్గిస్తాయి కానీ, అవి మామూలు వాటికన్నా బరువు. హెల్మెట్ తలకు సరిగ్గా అమరడం చిన్న విషయంలా కనిపిస్తుంది. వదులైతే అది ముందుకు జారి, సరిచూసిన తూకమంతా చెడుతుంది.

మెడ, భుజాల వ్యాయామం హెలికాప్టర్ పైలట్లకు మేలు చేస్తుందని స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రకటించారు. మేలు నిజమే గానీ, అది హెల్మెట్ బరువుకు విరుగుడు కాదు. గాగుల్స్ తేలికై, తలకు దగ్గరగా జరిగేదాకా ప్రతిభారం కూడా తాత్కాలిక సర్దుబాటే.