కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం: నిన్నటి నుంచి నేటి దాకా

ఈ ఏడాది నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు మన ఆరోగ్యం గురించి కూడా ఒక చరిత్ర రాయాలని గ్రామ సంఘాల లీడర్లం అనుకున్నాం. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఉండాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది, మన ఇళ్లకి ఎందుకు సరిగ్గా చేరలేదు అన్నదే ఇందులో రాస్తున్నాం.

పాత రోజుల్లో మొదటి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్లి, బాలింతని నెలల తరబడి అక్కడే ఉంచుకునేవారు. బిడ్డకి రెండేళ్లు పాలిచ్చేవారు. ఈ రెండింటి వల్ల తెలియకుండానే కొంత ఎడం వచ్చేది. కానీ అందరికీ అలా కుదరలేదు. ఎనిమిది, పది కాన్పులైన అమ్మమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అడిగితే బతికిన పిల్లల లెక్క వేరు, పోయిన పిల్లల లెక్క వేరు చెబుతారు.

ఎడం లేకపోతే పెద్ద బిడ్డకి ఏమవుతుందో ఆఫ్రికాలోని ఘనా తల్లులు ఎప్పుడో గుర్తించారు. చంటిబిడ్డ ఉండగానే తల్లి మళ్లీ నెల తప్పితే, పెద్ద బిడ్డకి పాలు మాన్పించి మొక్కజొన్న గంజి పెట్టేవారు. ఆ బిడ్డకి కాళ్లు వాచి, జుట్టు రంగు మారేది. ఆ జబ్బుని వాళ్లు క్వాషియోర్కర్ అనేవారు. చిన్నబిడ్డ రాగానే పెద్దబిడ్డకి వచ్చే జబ్బు అని దాని భావం. అక్కడ పనిచేసిన డాక్టరమ్మ సిసిలీ విలియమ్స్ 1935లో ఆ పేరుని లోకానికి చెప్పారు. మన దేశంలో ఇదే జబ్బు మీద డాక్టర్ సి. గోపాలన్ ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకి ఆయనే పెద్దగా ఉండేవారు.

ఇక ప్రభుత్వం సంగతి. 1952లో ప్రపంచంలోనే మొదటిసారి మన దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1965లో లూప్ వచ్చింది. ఎడం కోసం మంచి సాధనమే. కానీ వేసినాక రక్తస్రావం అయినా, నొప్పి వచ్చినా చూసే నాథుడు లేక ఆడవాళ్లు భయపడి వదిలేశారు. తర్వాత ఆపరేషన్ల టార్గెట్లు ముందుకొచ్చాయి. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకి పైగా ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ మంది మగవాళ్లే. బలవంతం చేశారన్న కోపంతో ఆ తర్వాత మగవాళ్లు ఆ వైపు రాలేదు. 1977లో కార్యక్రమం పేరు కుటుంబ సంక్షేమం అని మార్చారు. భారం మాత్రం ఆడవాళ్ల మీదకి వచ్చి పడింది.

దాని ఫలితం ఇప్పటికీ మన ఇళ్లలో కనబడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో వందకి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ అన్నీ కలిపినా వందకి ఒకరిద్దరికి మించరు. అంటే కాన్పులు ఆపడం నేర్చుకున్నాం, ఎడం పెట్టడం నేర్చుకోలేదు. చిన్న వయసులో పెళ్లి, వెంట వెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. పాతికేళ్లకే అన్నీ అయిపోతున్నాయి. అదే సర్వేలో మన రాష్ట్రంలో వందకి 59 మంది ఆడవాళ్లకి రక్తహీనత ఉందని తేలింది.

2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూర్చుని ఒక మాట చెప్పారు. కాన్పయ్యాక కనీసం 24 నెలలు ఆగి అప్పుడు మళ్లీ గర్భానికి సిద్ధపడాలి. అబార్షన్ అయితే కనీసం ఆరు నెలలు ఆగాలి. ఎందుకంటే కాన్పులో పోయిన రక్తం, పాలిచ్చేటప్పుడు ఖర్చయిన బలం మళ్లీ కూడడానికి టైం పడుతుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ నిల్వలు నిండకముందే నెల తప్పితే తల్లికి రక్తం తగ్గుతుంది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. మొదటిది సిజేరియన్ అయినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కుట్టు గట్టిపడకముందే రెండో కాన్పు వస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

ఇప్పుడు దారులు ఉన్నాయి. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టీ వేయించుకోవచ్చు. 2017 నుంచి ప్రభుత్వం మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఉచితంగా ఇస్తోంది. ఛాయ మాత్ర పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. అంతర ఇంజెక్షన్ పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల తర్వాత వేస్తారు. ఏది ఎవరికి సరిపడుతుందో ఏఎన్ఎంని అడగాలి. వాడాక ఇబ్బంది వస్తే ఊరుకోకుండా మళ్లీ వెళ్లి చూపించుకోవాలి. లూప్ కథ మళ్లీ జరగకూడదు.

అక్కల్లారా, అప్పు తీసుకుంటే ఎన్ని కంతులో ముందే మాట్లాడుకుంటాం. కొత్త కోడలికి, కాన్పయిన కూతురికి సంబంధించిన ఈ మాట కూడా సంఘం మీటింగులో అంతే ధైర్యంగా మాట్లాడుకుందాం. అత్తలైన సభ్యులు ముందుగా నోరు విప్పితే కోడళ్లకి మొహమాటం పోతుంది. భర్తలకి కూడా చెబుదాం. ఎడం పెట్టడం ఆడదాని ఒక్కదాని పని కాదు.