తల్లి చెప్పిన లెక్క

గోళ్లు కొఱుకుట, చీకటికి జంకుట, అన్నము ముందు కూర్చుండి పేచీ పెట్టుట – ఇట్టి చేష్టలు లేని యిల్లు మనమెఱుగము. అయినను ఇవి మనోరుగ్మతకు గుఱుతులా, బాల్యమునకు సహజములా అను ప్రశ్న వైద్యులను చిరకాలము వేధించినది. వారు చూచినది తమ చికిత్సాలయమునకు వచ్చిన పిల్లలనే. రాని పిల్లల సంగతి తెలిసినది తల్లులకు. వారిని క్రమముగా అడిగి వ్రాసికొనుట ఇరువదవ శతాబ్దమున బలపడిన పని.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున జీన్ మాక్‌ఫర్లేన్ అను విదుషి 1928లో ఇట్టి పరిశోధన నారంభించినది. 1954లో ఆమెయు సహచరులును వెలువరించిన గ్రంథము 21 నెలల ప్రాయమునుండి 14 ఏండ్ల వఱకు సామాన్య బాలల చిక్కులను వరుసగా చూపినది. పక్క తడుపుట వంటివి వయసుతో తగ్గిపోయినవి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన ఫలితము బఫెలో నగరమున కనబడినది. రెమా లాపౌస్, మేరీ మంక్ అను పరిశోధకులు 6 మొదలు 12 ఏండ్ల వఱకు గల 482 మంది పిల్లలను గూర్చి వారి తల్లుల నడిగి, 1958లో లెక్కలు ప్రకటించిరి. నూటికి 43 మందికి ఏడు గాని అంతకంటె ఎక్కువ గాని భయములును దిగుళ్లును కలవు! ఊరిలో ఇంచుమించు సగము పిల్లలు రోగులైనచో రోగమను మాటకు అర్థమేమి? వారు కొందఱు పిల్లలను వేఱుగా ప్రశ్నింపగా, బిడ్డ చెప్పిన భయములలో తల్లి యెఱుగనివి అనేకము బయటపడినవి. కన్నతల్లికిని బిడ్డ లోపలి చీకటి పూర్తిగా కానరాదు.

ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమున 1964–65లో మైకేల్ రట్టర్ బృందము 10, 11 ఏండ్ల బాలలను పరిశీలించి, తల్లిదండ్రులకొక ప్రశ్నావళిని, ఉపాధ్యాయులకొక ప్రశ్నావళిని ఇచ్చినది. ఇంటివారు చూపిన పిల్లలు వేఱు, బడివారు చూపిన పిల్లలు చాలవఱకు వేఱు. ఎవరు అబద్ధమాడినట్లు? 1987లో థామస్ ఆకెన్‌బాక్ సహచరులతో గూడి 119 పరిశోధనలను పరిశీలించెను. తల్లికిని తండ్రికిని వలె, బిడ్డను ఒక్కచోటనే చూచువారి నడుమ పొందిక సగటున 0.60, ఇల్లు, బడి వలె వేఱుచోట్ల చూచువారి నడుమ 0.28 మాత్రమే. ఎవరును అబద్ధమాడలేదని మా యభిప్రాయము. ఇంట రాద్ధాంతము చేయు పిల్లవాడు బడిలో మౌని కావచ్చును.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి నచ్చినది షీలా ఐబర్గ్ 1978లో ప్రకటించిన పట్టిక. అందు 36 చేష్టలు కలవు. ప్రతిదానికిని రెండు ప్రశ్నలు: ఎంత తఱచు అని ఒకటి నుండి ఏడు వఱకు అంకె వేయవలెను, ఇది మీకు సమస్యయేనా అనుటకు అవుననియో కాదనియో చెప్పవలెను. ఒకే అల్లరికి ఒక తల్లి నవ్వును, అత్తమామలకు జడిసి బ్రదుకు మఱియొక తల్లి కన్నీరు పెట్టును. అంకె బిడ్డది, అవునన్నది చాలవఱకు తల్లిది. ఈ రెంటిని కలిపివేసినచో అలసిన తల్లి విసుగు బిడ్డ లోపముగా నమోదగును. తల్లి మాటను త్రోసివేసినచో బిడ్డ బాధయే మఱుగునబడును.

1997లో రాబర్ట్ గుడ్‌మన్ 25 అంశములతో మఱియొక పట్టిక కూర్చెను. అందు అయిదు బిడ్డ మంచితనమును గూర్చినవి. తోటివారితో పంచుకొనునా, దెబ్బ తగిలినవారికి సాయపడునా అని అడుగును. ఫిర్యాదులు చెప్పవచ్చిన తల్లి అచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలసి వచ్చును.