నల్ల ఇసుక గాలించినవాళ్లు

తనకల్లులో మా చిన్నప్పుడు పిల్లలందరికీ ఒక ఆట ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకర్ పగలగొట్టి అయస్కాంతం తీసుకోవడం, దానికి దారం కట్టి వీధంతా ఈడ్చుకుంటూ తిరగడం. వంక దగ్గరికి పోతే ఇంకా పండగ. కొత్త నీళ్లు పారి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు మిగిలేవి. వాటి మీద అయస్కాంతం తిప్పితే గడ్డం మొలిచినట్టు నల్ల పొడి పట్టుకునేది. ఎవరో కమ్మరి ఆకురాయి పట్టిన పొడి వానకు కొట్టుకొచ్చిందనుకునేవాళ్లం.

తర్వాత బడిలో 'మిశ్రమాలను వేరుచేయడం' అనే పాఠం వచ్చింది. ఇసుక, ఇనుప రజను కలిపితే ఎలా వేరు చేస్తావు? అయస్కాంతంతో. రెండు మార్కులు. వంకలోని ఆ నలుపు కమ్మరి పొడి కాదని, కొండరాళ్లలోంచి వచ్చిన మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజమని, మా సీమకు ఆనుకునే ఉన్న ఊళ్లలో ఒకప్పుడు దాన్నుంచే ఇనుము తీశారని ఎవరూ చెప్పలేదు. ముప్పై దాటాక ఫ్రాన్సిస్ బుకానన్ యాత్రాగ్రంథం తిరగేస్తుంటే నాకది తెలిసింది.

టిప్పు సుల్తాను చనిపోయిన మరుసటి ఏడు, 1800లో, కంపెనీ ప్రభుత్వం బుకానన్‌ని మైసూరు రాజ్యం చూసి రమ్మని పంపింది. ఏ పంట పండుతుంది, ఏ సరుకు దొరుకుతుంది, ఎవరు ఏం చేస్తారు, అన్నీ రాసుకుంటూ పోయాడు. 1807లో అది మూడు సంపుటాలుగా అచ్చయింది. అందులో హిందూపురానికి నైరుతిగా ఉన్న మధుగిరి ప్రాంతం గురించి ఒక చిన్న భాగం ఉంది. వానాకాలంలో చిన్న చిన్న వాగులు కొండరాళ్ల మీంచి నల్ల ఇసుకను మోసుకొస్తాయి. నలుగురు మనుషులు నాలుగు నెలలపాటు దాన్ని పోగుచేస్తే, మిగతా ఏడాదంతా ఒక కొలిమికి సరిపోతుంది. ఆ ఇసుకలో కలిసిన మట్టిని నీళ్లతో కడిగి వేరు చేయాలి.

కడిగి వేరు చేయడం. ఇక్కడ ఆగిపోయాను. అయస్కాంతం మాటే లేదు.

ఈ పనికి మన దగ్గర మాట ఉంది: గాలించడం. మా అవ్వ బియ్యం గాలించేది. గిన్నెలో నీళ్లు పోసి చేత్తో గుండ్రంగా తిప్పుతూ పై బియ్యాన్ని కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి ఒంపేది. చివరికి అడుగున నాలుగు రాళ్లు మిగిలేవి. అవి పారేసేది. మధుగిరి వాగుల్లో జరిగిందీ అలాంటిదే, కాకపోతే తలకిందులు. మాగ్నటైట్ నీటికన్నా అయిదు రెట్లకు పైగా బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. నీటిలో ఆడిస్తే తేలికది కొట్టుకుపోతుంది, నలుపు అడుగున నిలుస్తుంది. అవ్వ పారేసే అడుగే ఇక్కడ సరుకు.

అయస్కాంతం తెలియక నీళ్లు వాడారా? అలా అనలేం. తెలుగులో దానికి సూదంటురాయి అనే పేరుంది. సూదులు అంటుకుంటాయని ఎవరో చూస్తేనే ఆ పేరు పుడుతుంది. సుశ్రుత సంహితలో ఒంట్లో దిగిన బాణపు ములికిని అయస్కాంతంతో తీసే పద్ధతి ఉంది, షరతులతో సహా: ములికి గట్టిగా ఇరుక్కుని ఉండకూడదు, దానికి కొక్కేల్లాంటి చెవులు ఉండకూడదు, గాయం నోరు పెద్దదిగా ఉండాలి. ఈ షరతులు చదివితే ఆ రాయికి ఉన్న బలం ఎంతో అర్థమవుతుంది. కొలిమికి ఏడాదికి సరిపడా ఇసుకను అలాంటి రాయితో ఏరడం కుదిరే పని కాదు. వాన మాత్రం ఆ పనిలో సగం ఉచితంగా చేసి పెట్టేది. ఇంజనీరుగా చెప్తున్నా, నీళ్లు వాడటం వెనకబాటు కాదు, సరైన డిజైన్.

ఈ పనికి అయస్కాంతం నిలబడాలంటే కరెంటు రావాల్సి వచ్చింది. 1880లో ఎడిసన్ ఖనిజాన్ని వేరుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పై నుంచి జారే పొడి పక్కన విద్యుదయస్కాంతం పెడితే ఇనుము దారి తప్పి వేరే పెట్టెలో పడుతుంది. మొదట లాంగ్ ఐలండ్ తీరంలోని నల్ల ఇసుక మీద ప్రయత్నించాడు, తుపాను ఆ ఇసుకనే ఊడ్చుకుపోయింది. తర్వాత న్యూజెర్సీలో కొండలు పగలగొట్టి పెద్ద కర్మాగారం నడిపాడు. ఈలోగా మిన్నెసోటాలో మెసాబీ గనుల మంచి ఖనిజం చవగ్గా రావడంతో అదీ మూతపడింది. యంత్రం పనిచేసింది, లెక్క పనిచేయలేదు.

మన కొలుములదీ లెక్క తప్పిన కథే. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి చవక ఇనుము దిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 అటవీ చట్టం తర్వాత బొగ్గుకి కట్టె దొరకడం కష్టమైంది. వాగులు నల్ల ఇసుక తెస్తూనే ఉన్నాయి, గాలించే మనిషి లేడు. సరుకు మళ్లీ మట్టయింది.

ఇది రెండు వైపులా జరుగుతుంది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరిపీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్ గుర్తించాడు. గ్యాస్ లైట్ల మాంటిల్స్‌కి కావలసిన థోరియం అందులో ఉంది. ఆ తీరపు ఇసుకలో ఎక్కువగా ఉండే నల్ల ఇల్మెనైట్‌ని మొదట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. తెల్ల రంగుల తయారీకి టైటానియం కావలసొచ్చాక, 1922 నుంచి అదే ఎగుమతి సరుకైంది. మన విశాఖ తీరపు ఇసుకలోనూ మోనజైట్ ఉందని సి.వి. రామన్ శిష్యుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్, ఎ. శ్రీరామదాస్‌తో కలిసి 1948లో ప్రకటించాడు. ఇలాంటి ఇసుకని ఇప్పుడు యంత్రాల్లో బలం పెంచుకుంటూ పోతారు. ఇల్మెనైట్ ముందే అంటుకుంటుంది, గార్నెట్, మోనజైట్ ఇంకా బలమైన అయస్కాంతానికి గానీ లొంగవు, జిర్కాన్ దేనికీ అంటుకోదు. అయస్కాంతం చెప్పేది అంతవరకే. ఏ పెట్టెలోది అమ్మాలో, ఏది పారబోయాలో బజారు చెప్తుంది.

మనకి కోనసముద్రం ఉక్కు గురించీ, డమాస్కస్ కత్తుల గురించీ గొప్పగా చెప్పుకోవడం ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ ఆ గొప్పలో కత్తి ఉంటుంది, కొలిమి ఉంటుంది, వాగులో నడుం వంచి నిలబడ్డ మనిషి ఉండడు. బుకానన్ ఎంతమందో రాశాడు, పేర్లు రాయలేదు. నాలుగు నెలలు, నలుగురు మనుషులు. మనకి మిగిలిన కొలత అదొక్కటే. గొప్పలు చెప్పుకునేముందు ఆ కొలతని గుర్తుచేసుకోవడం కనీస మర్యాద అనిపిస్తుంది.

మొన్న ఊరెళ్లినప్పుడు మా అన్న కొడుకుని వంక దగ్గరికి తీసుకెళ్లాను. వాడి చేతిలో అయస్కాంతం, నా చేతిలో వంటింట్లోంచి తెచ్చిన ఒక పళ్లెం. వాడు నిమిషంలో గడ్డం మొలిపించేశాడు. నేను చెంబెడు నీళ్లు పోసుకుని ఇసుకని తిప్పుతూ, ఒంపుతూ పావుగంట కూర్చున్నాను. సగం నలుపు ఇసుకతోపాటే జారిపోయింది. "చిన్నాయనా, నీకు రాదులే," అన్నాడు వాడు.

నిజమే. పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన పని నా చేతికి రాలేదు.