నల్లపూసల మెమరీ

మంట కాస్త ఎగదొయ్యరా చిన్నోడా, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆఁ, ఇందాక ఏమన్నావు? కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో మనలాంటివాళ్లకి అర్థం కాదనా? అలా అనకు నాయనా. నేను కళ్లారా చూసినవాణ్ణి.

డెబ్బైల నాటి మాట. అంతకుముందే, 1967లో, మన హైదరాబాదులో ఈసీఐఎల్ అనే సంస్థ పెట్టారు. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అని వరసగా మనవాళ్లే కంప్యూటర్లు తయారుచేశారు. మొదటి రెండూ 12 బిట్లవి, మూడోది 16 బిట్లది. నేనప్పుడు కుర్రాణ్ణి, యంత్రాల మరమ్మతు పని నాది. ఆ కాలపు యంత్రాలకి ముందు పలక మీద వరసగా చిన్న దీపాలు, కింద స్విచ్చులు ఉండేవి. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్నా, బిట్టంటే అదే. యంత్రాన్ని ఆపి, ఒక్కో అడుగే వేయిస్తూ, ఏ అంకె ఎక్కడికి పోతోందో ఆ దీపాల్లో చదువుకునేవాళ్లం.

ఇక మెమరీ సంగతి వినండి. నల్లపూసలే అనుకోండి, మీ నాయనమ్మ మెడలో ఉన్నవే! ఫెర్రైటుతో చేసిన బుల్లి రింగులు. వాటిని అడ్డతీగలకీ నిలువుతీగలకీ గుచ్చి చట్రానికి బిగించేవారు. ఆ గుచ్చే పని చాలాచోట్ల ఆడవాళ్లదే, మైక్రోస్కోపులో చూసుకుంటూ చేసేవారు. ఎంత ఓపికో! ఒక రింగుకి ఒక బిట్టు. రింగులో అయస్కాంతం ఒక దిక్కుకి తిరిగుంటే సున్నా, రెండో దిక్కుకైతే ఒకటి. ఒక్కో తీగలో సగం కరెంటే పంపుతారు. ఆ సగానికి ఏ రింగూ కదలదు. రెండు తీగలూ కలిసేచోట మాత్రం సగమూ సగమూ కలిసి ఆ ఒక్క రింగే తిరగబడుతుంది. వేల రింగుల్లోంచి కావలసిన ఒక్కదాన్ని పిలిచే ఉపాయం అది. నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

చదవడం ఇంకా వింత. రింగుని సున్నా వైపు తోస్తారు. అది తిరగబడితే ఇంకో తీగలో చిన్న కుదుపు పుడుతుంది, అంటే అక్కడ ఒకటి ఉందన్నమాట. కానీ చదవగానే అది చెరిగిపోతుంది, అందుకని ప్రతిసారీ మళ్లీ రాసిపెట్టాలి. కరెంటు పోతే మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇప్పటి ర్యాముకి ఆ గుణం లేదు.

ఒకసారి ఒక కార్యాలయంలో స్టోర్సు లెక్క తప్పొచ్చింది. కొన్ని సామాన్లకి సరిగ్గా ఎనిమిది ఎక్కువ చూపిస్తోంది, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రోగ్రాము రాసిన కుర్రాళ్లు కాగితాలన్నీ తిరగేశారు. మా పెద్ద ఇంజనీరు గారు కాగితం ముట్టుకోలేదు. "ఎప్పుడూ ఎనిమిదేనా?" అని అడిగారు. ఎనిమిదే అన్నాం. బైనరీలో కుడి నుంచి నాలుగో స్థానం విలువ ఎనిమిది. ఆ స్థానం ఒకటి దగ్గర ఇరుక్కుపోయింది. అక్కడ ఎలాగూ ఒకటే ఉన్న అంకెలకి తేడా రాదు, సున్నా ఉన్నవాటికే ఎనిమిది పెరుగుతుంది. స్విచ్చులన్నీ కిందికి వేసి సున్నా ఎక్కించి చూశాం. నాలుగో దీపం వెలుగుతూనే ఉంది! ఆ కార్డు లాగి ఆసిలోస్కోపు పెట్టి చూస్తే ఒక ట్రాన్సిస్టరు పోయి ఉంది. కొత్తది సోల్డరు చేశాం, లెక్క కుదిరింది. లోపల ఏముందో తెలిసిన మనిషి, ఒక్క అంకె విని జబ్బు ఎక్కడుందో చెప్పేశాడు.

ఇంకోటి బుజ్జమ్మా. అమెరికాలో 1965లో వచ్చిన పీడీపీ-8 అనే కంప్యూటరుకి తీసివేత ఆదేశమే లేదు. మరి 7 లోంచి 5 ఎలా తీస్తుంది? నాలుగు బిట్లలో 5 అంటే 0101. సున్నాల్ని ఒకట్లుగా, ఒకట్లని సున్నాలుగా తిరగెయ్యి: 1010. ఒకటి కలుపు: 1011. దానికి 7ని, అంటే 0111ని, కలుపు: 10010. ఎడమ చివరి ఒకటికి చోటు లేదు, రాలిపోతుంది. మిగిలింది 0010, అంటే రెండు. కూడికతోనే తీసివేత!

ఇప్పటి యంత్రాలు వేరే అనుకోకండి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. 2020 నాటి ఆపిల్ ఎం1లో 1,600 కోట్లు. అయినా ఆదేశం తెచ్చుకోవడం, అదేమిటో చూసుకోవడం, చేయడం, తర్వాతిదానికి పోవడం, ఈ వరస మాత్రం అదే. ఓపికగా వెంటపడితే మీకూ అందుతుంది.

రేపు పొద్దున్నే గళ్ల పుస్తకం తెచ్చుకుని 9 లోంచి 3 ఇలాగే తీసి చూపించండి. అది వచ్చాక, ఆ కూడిక చేసే సర్క్యూటు గీయడం నేర్పుతాను.