మంచుకాలమును దాటించిన గడ్డివామి



పశువు విలువ యెట్లు కట్టవలెనని యడిగినచో సంతధర చెప్పువారు కొందరు, పాడి చెప్పువారు కొందరు, అది దున్నిన యెకరములు చెప్పువారు మరికొందరు. ఈ మూడింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మేత దొరకని నెలలలో దానికేమి పెట్టెదవు? ఈ ప్రశ్నను మరచిన ధనికులకును, మరువని చిన్న కాపులకును అమెరికా ఉత్తరపు మైదానములలో 1886-87 చలికాలము ఎట్టి తీర్పు చెప్పెనో, అదియే నేటి నా ప్రసంగవిషయము.

మన సీమలో పశువునకు గడ్డుకాలము వేసవి. ఆ దేశమున అట్లు కాదు. డకోటా, మాంటానా, వయోమింగు అను ప్రాంతములలో నవంబరు మొదలు మార్చి వరకు నేల తరచుగా మంచుక్రింద నుండును. చెట్లు అరుదు, గాలికి అడ్డు లేదు. పూర్వము లకోటా మొదలగు ఆదిమజాతులు అడవిదున్నల మందలను ఆశ్రయించి ఆ గడ్డినేలలలో జీవించుచుండిరి. 1870వ సంవత్సరమునకు తరువాత వేటగాండ్రు తోళ్లకొరకు ఆ దున్నలను దాదాపు నిర్మూలము చేసిరి. ప్రభుత్వము ఆ జాతులను హద్దులు గీసిన కొద్దిపాటి భూములలోనికి నెట్టెను. అట్లు వారి చేజారిన నేలపైకి రెండు తెగల మనుష్యులు వచ్చిరి.

మొదటివారు పెద్ద మందల యజమానులు. దక్షిణమున నున్న టెక్సాసునుండి వేలకొలది పశువులను కాపరులు నెలల తరబడి నడిపించి ఉత్తరమునకు తెచ్చిరి. రైలుమార్గము వచ్చినది గనుక మాంసమునకు పట్టణములలో మంచి ధర పలికెను. ఇంగ్లండు, స్కాట్లండు దేశముల ధనవంతులు సైతము కంపెనీలు పెట్టి డబ్బు కుమ్మరించిరి. కంచె లేదు, కొట్టము లేదు, కోసిన గడ్డి లేదు. నిలువున నెండిన గడ్డినే పశువులు మంచులో వెదకుకొని తినునని వారి నమ్మకము. పలువురు కొన్నది పశువులను కాదు, పుస్తకములోని అంకెలను. మందను నిలిపి లెక్కింపక, చిట్టాలో వ్రాసిన సంఖ్యనుబట్టి బేరములు జరుగుచుండెను. ఎంత చలి వచ్చినను లెక్కపుస్తకములు గడ్డకట్టవుగదా యని వయోమింగులో ఒక పరిహాసోక్తి పుట్టెను.

రెండవవారు చిన్న కాపులు. 1862 మే 20వ తేదీన అబ్రహాం లింకను సంతకము చేసిన చట్టము వీరికి ఆధారము. దాని ప్రకారము కుటుంబము 160 ఎకరముల ప్రభుత్వభూమిని ఎంచుకొని, అయిదేండ్లు అక్కడ కాపురముండి, ఇల్లు కట్టి, సాగుచేసినచో స్వల్పరుసుముతో ఆ భూమి వారిదగును. కలప లేదు గనుక గడ్డివేళ్లు పెనవేసుకొనిన మంటిపెళ్లలను కోసి, ఇటుకలవలె పేర్చి, ఇండ్లును కొట్టములును కట్టుకొనిరి. రెండు గుఱ్ఱములో యెద్దులో, ఒకటి రెండు పాడియావులు, కొన్ని కోళ్లు, ఒక పంది: ఇదియే వారి పశుసంపద.

వీరి చలికాలము జూలై ఆగస్టు నెలలలోనే ఆరంభమగుచుండెను. కొడవళ్లతోను, గుఱ్ఱములు లాగు కోతయంత్రములతోను గడ్డికోసి, ఎండబెట్టి, వామి వేయవలెను. లెక్క చూడుడు. ఆవు ఒకటికి రోజునకు 25 పౌనుల యెండుగడ్డి యనుకొన్నను, 180 దినములకు 4,500 పౌనులు, అనగా రెండు టన్నులకు పైమాట. గుఱ్ఱమునకును ఇంచుమించు అంతే. ఆరు పశువులున్న యింటికి పండ్రెండు టన్నులు చాలవు. ఇంతయు ఒక తండ్రియు, ఎదిగిన కొడుకును వేసవియెండలో కోసి తెచ్చుకొనవలెను. వామి యెంతో మంద యంత. అంతకు మించి యొక్క దూడ యున్నను దానిని శరత్కాలముననే అమ్మవలెను, లేదా కోయవలెను.

అంతటితో తీరలేదు. కట్టెలు లేని ఆ నేలపై పొయ్యిలోనికిని గడ్డియే గతి. ఎండుగడ్డిని మెలిపెట్టి, ముడివేసి, కట్టెవలె కాల్చుచుండిరి. పిల్లలకు చలికాచుటకు వేసిన ప్రతి మెలియు ఆవునోటి కబళమే. 1880 అక్టోబరు నడుమనే మంచుతుపాను మొదలై, ఆ చలికాలమంతయు డకోటాలో రైళ్లు నెలలకొలది నిలిచిపోయెను. బొగ్గు రాలేదు, పిండి రాలేదు. విత్తనమునకు దాచిన గోధుమలను కాఫీగింజలు విసరు చిన్న తిరుగలిలో పొడిచేసికొని రొట్టె కాల్చుకొనిన కుటుంబములు కలవు. పొయ్యికెంత, ఆవునకెంత యని గడ్డివామియెదుట నిలిచి లెక్కించినవారే వసంతమును చూచిరి.

ఇక 1886వ సంవత్సరమునకు వత్తము. ఆ వేసవి మిక్కిలి ఎండినది. వాగులు ఇంకిపోయెను; గడ్డి పొట్టిగా మాడిపోయెను; చాలచోట్ల కార్చిచ్చు రేగెను. అయినను దక్షిణమునుండి క్రొత్త మందలు వచ్చుచునే యుండెను. నవంబరులో మంచు పడెను. జనవరిలో వెచ్చని గాలి వీచి పైమంచును కొంత కరగించెను. వెంటనే ఘోరమైన చలి తిరిగివచ్చి ఆ నీటిని గడ్డకట్టించెను. నేలపై మంచుగడ్డ పలకవలె పరచుకొనెను. జనవరి కడపటి దినములలో మహాతుపాను వచ్చెను. కొన్నిచోట్ల శీతము సున్నకు 40 డిగ్రీల దిగువకు పోయెను. ఫారెన్‌హీటునందైనను సెంటిగ్రేడునందైనను అచ్చట అంకె యొక్కటే.

పశువు స్వభావమును ఇక్కడ గమనింపవలెను. గుఱ్ఱము గిట్టతో మంచును గీరి గడ్డిని బయటపెట్టును. ఆవు అట్లు చేయదు. మూతితో త్రోసి చూచును. మెత్తని మంచైనచో కొంత సాగును. గడ్డకట్టిన మంచు మూతిని కోసెను, కాళ్లను చీరెను. తుపానులో ఆవు గాలికి వీపు పెట్టి నడచుచునే పోవును. కంచెయో లోయయో అడ్డమైనచోట మందలు గుంపులుగా నిలిచి, ఒకదానిపై నొకటి పడి చచ్చెను. ఆకలికి తాళలేక కొన్ని కాపరుల గుడిసెలదాక వచ్చెను. కాపరులు దయలేనివారు కారు. వారిచేతిలో పెట్టుటకు పరకయైనను లేదు.

మార్చిలో మంచు కరగెను. నదులు పశుకళేబరములను మోసికొని పొర్లెను. తరువాతి కాలమున దేశాధ్యక్షుడైన థియొడోరు రూజ్వెల్టునకు డకోటాలో మంద యుండెను; ఆయన వసంతమున వచ్చి చూచునప్పటికి సగమునకు మించి పోయెను. స్కాట్లండు ధనముతో నడచిన స్వాను కంపెనీ 1887లోనే దివాలా తీసెను. మాంటానాలో ఒక యజమాని తన మంద యెట్లున్నదని ఉత్తరము వ్రాయగా, చార్లెసు రస్సెలు అను యువకాపరి చిన్న అట్టముక్కపై బొమ్మ గీసి పంపెను: ఎముకల గూడైన యొక్క ఆవు మంచులో నిలిచియున్నది, తోడేళ్లు కాచుకొనియున్నవి. ఆ బొమ్మతోనే అతడు చిత్రకారుడుగా పేరుపొందెను. గ్రాన్‌విల్ స్టువర్టు అను ప్రసిద్ధ పశుస్వామి, మేతయు నీడయు ఇయ్యజాలని జంతువును ఇక పెంచనని నిశ్చయించుకొని, ఆ వ్యాపారమునుండి తప్పుకొనెను.

చిన్న కాపులు సుఖముగా నుండిరని నేననను. వారును నష్టపడిరి, అయిదేండ్లు నిలువలేక భూమి విడిచిపోయినవారు పలువురు. కాని గడ్డి దాచి, కొద్ది పశువులను కొట్టమున గట్టినవారికి ఆ యేటి నష్టము తక్కువ. దానికి వారు చెల్లించిన వెల యేమి? ఉదయమే గొడ్డలితో మంచు పగులగొట్టి నీరు పెట్టుట. ముక్కుచుట్టు పేరుకొనిన మంచును చేతితో తీసి, ఊపిరాడునట్లు చేయుట. ఇంటినుండి కొట్టమునకు మోకు కట్టి, తుపానులో దానిని పట్టుకొని నడచుట. ఆ కొద్ది దూరములోనే దారి తప్పి చచ్చినవారు కలరు. 1888 జనవరి 12వ తేదీన ఉదయము వెచ్చగా నుండి, పగలే అకస్మాత్తుగా తుపాను కమ్మెను. డకోటా, నెబ్రాస్కాలలో సుమారు 235 మంది మరణించిరని చెప్పుదురు. వారిలో బడినుండి ఇండ్లకు బయలుదేరిన పిల్లలును, పశువులకొరకు బయటికి వచ్చిన పెద్దలును ఉండిరి.

ఆ తరువాత పెద్ద యజమానులు మందలను తగ్గించిరి, కంచెలు వేసిరి, వాగుల ప్రక్కన గడ్డి పెంచి కోసి దాచిరి. అనగా ధనవంతుడు చిన్న కాపు పద్ధతిని నేర్చుకొనెను. వామిని చూచి మందను కట్టుకొనుట వారికి క్రొత్త పాఠము, మీకు కాదు. పంట యింటికి వచ్చిననాడే వరిగడ్డిని, జొన్నచొప్పను కొలిచి, ఎన్ని నోళ్లకు చాలునో లెక్కించు పెద్దలు మన యూళ్లలో నేటికిని కలరు. ఆ లెక్కను పిల్లలకు చెప్పుడు. నోరులేని ప్రాణిని కొట్టమునకు తెచ్చిన దినముననే దాని గడ్డుకాలము కూడ మన బాధ్యత యగుచున్నది.